హెడ్‌సెట్ కొనే ముందు మీ ల్యాప్‌టాప్ జాక్ సంగతి తేల్చుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: గేమింగ్ ల్యాప్‌టాప్ ఉంది, పక్కన ఒక్కటే 3.5 ఎంఎం జాక్, లోపల రియల్‌టెక్ సౌండ్ చిప్. కొత్త హెడ్‌సెట్ కొనాలి. ఒకాయన 250 ఓమ్‌ల (ఓమ్ అంటే కరెంటుకి హెడ్‌ఫోన్ పెట్టే అడ్డుకి లెక్క) స్టూడియో హెడ్‌ఫోన్ తీసుకోమన్నారు, ఇంకొకరు 7.1, అంటే చుట్టూ నుంచి శబ్దం వచ్చినట్టు వినిపించే ఏర్పాటు, ఉన్నదే కొనమన్నారు, మూడో ఆయన యూఎస్‌బీ తప్ప వేరేది వద్దన్నారు. పాత సెట్‌తో ఆడేటప్పుడు ఛార్జర్ పెడితే చెవిలో సన్నగా కీచుమనేదని, గేమ్ చప్పుడు మీ మైక్‌లోంచి అవతలివాళ్ళకి వినిపించేదని, శత్రువు అడుగుల చప్పుడు మాత్రం మీకు సరిగా తెలిసేది కాదని కూడా రాశారు.

ముగ్గురి మాటలోనూ కొంత నిజం ఉంది. కాకపోతే ముగ్గురూ హెడ్‌సెట్ గురించే చెప్పారు, దాన్ని గుచ్చబోయే జాక్ ఎలాంటిదో ఒక్కరూ అడగలేదు. ఒకే హెడ్‌సెట్ ఒక ల్యాప్‌టాప్‌లో హాయిగా పలికి, పక్క ల్యాప్‌టాప్‌లో పీలగా, గరగరమంటూ ఏడవడం నేను చాలాసార్లు చూశాను. తెలిసినవాళ్ళు "పాడైంది, కాస్త చూడండి" అని తెచ్చిచ్చిన హెడ్‌సెట్లు చాలావరకు నా బల్ల మీద శుభ్రంగా పనిచేశాయి. లోపం జాక్‌లోనో, సెట్టింగుల్లోనో, రెంటికీ పొత్తు కుదరకపోవడంలోనో ఉండేది. కాబట్టి ఏ మోడల్ అనేది తర్వాత చూద్దాం. మీ జాక్ ఎంత ఇవ్వగలదు, ఎంత శుభ్రంగా ఇవ్వగలదు అన్నది ముందు తెలియాలి. అది ఇంట్లోనే ఒక సాయంత్రంలో తేలిపోతుంది.

250 ఓమ్‌ల సలహాతో మొదలుపెడతాను, ఎందుకంటే ఆ గోతిలో నేనూ పడ్డాను. "స్టూడియోల్లో వాడేది" అన్న మాటకి మురిసిపోయి అలాంటిదొకటి తెచ్చుకుని, ల్యాప్‌టాప్‌లో వాల్యూమ్ 100కి పెట్టి, ఇంకా పెంచడానికి ఏముందా అని వెతుక్కున్నాను. హెడ్‌ఫోన్ నిజంగానే మంచిది. నా జాక్‌కే దాన్ని మోసే శక్తి లేదు.

మామూలు ల్యాప్‌టాప్ జాక్ నుంచి గరిష్ఠంగా వచ్చేది దాదాపు 1 వోల్ట్. కొన్నింటిలో అంతకంటే తక్కువ, మంచి హెడ్‌ఫోన్ యాంప్ (సంకేతాన్ని పెంచే భాగం) పెట్టిన కొన్ని గేమింగ్ మోడళ్ళలో ఎక్కువ. వోల్టేజీని దానితోనే గుణించి ఓమ్‌లతో భాగిస్తే పవర్ వస్తుంది. అంటే 1 వోల్ట్‌కి 32 ఓమ్‌ల హెడ్‌సెట్ 31 మిల్లీవాట్లు తీసుకుంటే, 250 ఓమ్‌లది 4 మిల్లీవాట్లే తీసుకోగలదు. ఇక్కడిదాకా చాలామందికి తెలుసు. "అయితే ఓమ్‌లు తక్కువున్నది కొంటే సరిపోతుంది" అని ఇక్కడే ఆగిపోతారు. అది సగం లెక్క.

మిగతా సగం సెన్సిటివిటీ. పెట్టె మీద డీబీ (డెసిబెల్, శబ్దం ఎంత గట్టిదో చెప్పే కొలత) అని ఒక అంకె ఉంటుంది. దాన్ని కొందరు 1 మిల్లీవాట్ ఇస్తే ఎంత మోగుతుందో చెప్పడానికి రాస్తారు, కొందరు 1 వోల్ట్ ఇస్తే ఎంతో చెప్పడానికి రాస్తారు. రెండు రకాల అంకెల్నీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. ల్యాప్‌టాప్ మనకిచ్చేది వోల్టేజీ కాబట్టి అన్నింటినీ వోల్ట్ లెక్కలోకి మార్చుకోండి. మిల్లీవాట్ అంకెకి 16 ఓమ్‌లైతే 18 కలపాలి, 32 ఓమ్‌లైతే 15, 64 అయితే 12, 250 అయితే 6, 600 అయితే సుమారు 2. అంతే, క్యాల్కులేటర్ కూడా అక్కర్లేదు.

ఇప్పుడు లెక్కేసి చూడండి. మిల్లీవాట్‌కి 100 డీబీ ఉన్న 32 ఓమ్‌ల మామూలు గేమింగ్ హెడ్‌సెట్ వోల్ట్‌కి 115 డీబీ అవుతుంది. బేయర్‌డైనమిక్ డీటీ 990 ప్రో 250 ఓమ్‌ల రకానికి మిల్లీవాట్‌కి 96 అని రాసి ఉంటుంది, అంటే వోల్ట్‌కి 102. ఏకేజీ కే702 చూడండి, అది 62 ఓమ్‌లే. ఓమ్‌లు మాత్రమే చూసేవాళ్ళు "ఇది ల్యాప్‌టాప్‌కి సులువు" అంటారు. కానీ దాని సెన్సిటివిటీ వోల్ట్‌కి 105 డీబీ, అంటే ఆ 250 ఓమ్‌లదాని కంటే 3 డీబీయే ఎక్కువ. ఓమ్‌లు నాలుగో వంతు అయినా, ల్యాప్‌టాప్‌కి రెండూ దాదాపు ఒకే బరువు.

నా లెక్కలో ల్యాప్‌టాప్ జాక్‌లో నేరుగా గుచ్చేదానికి వోల్ట్‌కి 108 నుంచి 118 డీబీ మధ్య ఉంటే నిశ్చింత. 102, 105 దగ్గర ఉన్నవి అసలు వినిపించవని కాదు. గేముల్లో పేలుళ్ళకి చోటు ఉంచాలి కాబట్టి మామూలు చప్పుళ్ళు గరిష్ఠ స్థాయికి 20 డీబీ, అంతకంటే కిందే ఉంటాయి. అంటే 102 డీబీ హెడ్‌ఫోన్‌లో వాల్యూమ్ మొత్తం పెట్టినా అడుగుల చప్పుడు ఏ 70 దగ్గరో, ఇంకా కిందో పడుతుంది. పక్కనే ఫ్యాన్ గోల పెడుతుంటే అది చాలదు.

మరీ ఎక్కువ సెన్సిటివిటీ కూడా మంచిది కాదు. చెవిలో దూర్చుకునే ఇయర్‌ఫోన్లు కొన్ని వోల్ట్‌కి 125 దాటతాయి. వాటితో వాల్యూమ్ 6 దగ్గర పెడితే ఎక్కువ, 4 దగ్గర పెడితే తక్కువ అనిపిస్తుంది. అంతకంటే చిరాకు, జాక్‌లో ఉన్న ప్రతి బుసా ఆ ఇయర్‌ఫోన్లలో వినిపిస్తుంది.

వాల్యూమ్ మాట వచ్చింది కనుక ఒక్క విషయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం వారానికి 40 గంటలు వినాలంటే సగటున 80 డెసిబెల్స్ దాటకూడదు, 90 అయితే వారానికి 4 గంటలే. గేమ్ ఆడేవాళ్ళకి గంటలు తెలియవు కదా. "ఇంకా గట్టిగా మోగాలి" అనిపిస్తే, బయటి చప్పుడు ఆపే ఇయర్‌కప్పులు లేకపోవడమే అసలు కారణమేమో ముందు చూసుకోండి.

ఇక జాక్ గురించి ఎవరూ చెప్పని రెండో అంకె, అవుట్‌పుట్ ఇంపెడెన్స్. జాక్ లోపల చిప్‌కీ మీ హెడ్‌సెట్‌కీ మధ్య ఉండే అడ్డం అనుకోండి. కొన్ని ల్యాప్‌టాపుల్లో ఇది ఒకటి రెండు ఓమ్‌లే. కొన్నింటిలో షార్ట్ అయినా చిప్ కాలిపోకుండా అని తయారీవాళ్ళు వరసలో రెసిస్టర్ పెడతారు, అప్పుడది డెబ్భై ఎనభై ఓమ్‌ల దాకా పోతుంది. ఇలాంటి జాక్‌లో తక్కువ ఓమ్‌ల హెడ్‌సెట్ గుచ్చితే శబ్దం రంగే మారిపోతుంది. ఎందుకంటే హెడ్‌సెట్ మీద 32 ఓమ్‌లు అని రాసినా అన్ని స్వరాల దగ్గరా అది 32 కాదు. చాలావాటిలో బేస్ దగ్గర అది పైకి ఎగబాకుతుంది. బేస్ దగ్గర 60, మిగతాచోట్ల 32 అనుకుందాం. జాక్ 4 ఓమ్‌లైతే బేస్ అర డీబీ కూడా పెరగదు, ఎవరూ పట్టుకోలేరు. అదే జాక్ 77 ఓమ్‌లైతే బేస్ ఏకంగా మూడున్నర డీబీ ఉబ్బుతుంది. ఉబ్బిన బేస్ పై స్వరాల్ని కప్పేస్తుంది. మన చెవి తీరే అంత, కింది స్వరం గట్టిగా మోగుతుంటే దానికి పైనున్న మెల్లని చప్పుళ్ళు మునిగిపోతాయి. బాంబు మోత అదిరిపోతుంది, పక్కగదిలో చెప్పుల రాపిడి వినపడదు. మీరు అడుగుల చప్పుడు తెలియడం లేదన్నప్పుడు నాకు ముందు తట్టింది ఇదే.

హెడ్‌సెట్ ఓమ్‌లు జాక్ ఇంపెడెన్స్‌కి కనీసం 8 రెట్లు ఉండాలన్నది పాత వాడుక సూత్రం. 4 ఓమ్‌ల జాక్‌కి 32 సరిపోతుంది. 77 ఓమ్‌ల జాక్‌కి 600 కావాలి, కానీ 600 ఓమ్‌లదాన్ని నడిపే వోల్టేజీ ఆ జాక్‌కి ఉండదు. అలాంటి జాక్ ఉంటే దాన్ని వదిలెయ్యడమే.

దీన్ని కొలవొచ్చు. మామూలు మల్టీమీటర్, ఒక 33 ఓమ్‌ల రెసిస్టర్, తెగిపోయిన ఏ ఇయర్‌ఫోన్‌దో పిన్ ఉన్న తీగ ముక్క చాలు. 50 హెర్ట్జ్ సైన్ టోన్‌ని పూర్తి స్థాయిలో తయారుచేసి, సౌండ్ ఎన్‌హాన్స్‌మెంట్లన్నీ ఆపేసి, వాల్యూమ్ 100 పెట్టి మోగించండి. 50 హెర్ట్జే ఎందుకంటే చవక మీటర్లు కరెంటు లైన్ ఫ్రీక్వెన్సీ దగ్గరే నమ్మకంగా కొలుస్తాయి. పిన్ కొసకీ గ్రౌండ్‌కీ (కరెంటు తిరిగొచ్చే ఉమ్మడి కట్టు) మధ్య ఏసీ వోల్టులు చూసి రాసుకోండి. తర్వాత ఆ రెంటి మధ్య 33 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి మళ్ళీ చూడండి. మొదటి అంకెని రెండోదాంతో భాగించి, అందులోంచి 1 తీసేసి, 33తో గుణిస్తే మీ జాక్ ఇంపెడెన్స్. ఉదాహరణకి 1.00 వోల్ట్ కాస్తా 0.90కి దిగితే సుమారు 3.7 ఓమ్‌లు, చక్కటి జాక్. 0.30కి పడిపోతే 77 ఓమ్‌లు. మొదటి అంకే మీ జాక్ గరిష్ఠ వోల్టేజీ కూడా, అంటే ఒకే కొలతలో రెండూ తెలిశాయి. గరిష్ఠం 1 వోల్ట్ కాక 0.5 వస్తే, పైన చెప్పిన డీబీ లెక్కల్లోంచి 6 తీసేసుకోండి. కొలిచేటప్పుడు హెడ్‌సెట్ మాత్రం దానికి తగిలించి ఉండకూడదు, చెవులకి అసలే ఉండకూడదు.

మీటర్ లేకపోయినా పరవాలేదు, చప్పుడు పరీక్షకి ఏమీ అక్కర్లేదు. చేతిలో ఉన్న ఏదో ఒక ఇయర్‌ఫోన్ గుచ్చి, ఏమీ మోగించకుండా వినండి. సన్నగా బుస్సుమని వస్తే అది చిప్ సొంత బుస, కొంత అందరికీ ఉంటుంది. ఇప్పుడు ఏదైనా గేమ్ మెనూ తెరవండి. మెనూల్లో ఫ్రేమ్ రేట్‌కి హద్దు పెట్టకపోతే గ్రాఫిక్స్ చిప్ ఊరికే పరుగులు తీస్తుంది, అప్పుడు కీచుమన్నా, మౌస్ కదిపినప్పుడల్లా గీసినట్టు వినిపించినా బోర్డు మీది కరెంటు చప్పుడు ఆడియో దారిలోకి పాకుతోందని అర్థం. చివరికి ఛార్జర్ పీకండి. ఒక్కసారిగా నిశ్శబ్దమైతే దోషం ఛార్జర్‌దీ, గ్రౌండ్‌దీ. మీ కీచు ఇదే అని నా అనుమానం, ఎందుకంటే ఛార్జర్ పెడితేనే వస్తుందని మీరే రాశారు. ఛార్జర్ తీసి ఆడదామంటే గేమింగ్ ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద సగం వేగంతో నడుస్తుంది, కాబట్టి అది పరిష్కారం కాదు.

ఇక్కడ చిన్న కిటుకు ఒకటి ఉంది. వాల్యూమ్ తగ్గించినా ఆ చప్పుడు తగ్గకపోతే, అది వాల్యూమ్ తర్వాతి దారిలో పుడుతోందన్నమాట. అప్పుడు తీగ మీద వాల్యూమ్ చక్రం ఉన్న హెడ్‌సెట్ పనికొస్తుంది. ల్యాప్‌టాప్‌లో వాల్యూమ్ పెంచి, చక్రంతో తగ్గించుకుంటే గేమ్‌తో పాటు బుస కూడా తగ్గుతుంది. ఆ చక్రాలు ఏడాది తిరిగేసరికి ఒక చెవిలో ఎక్కువ, ఒక చెవిలో తక్కువ మోగడం మొదలుపెడతాయి, అది వేరే సంగతి.

ఇప్పుడు మైక్. ల్యాప్‌టాప్ జాక్‌తో నిజంగా తలనొప్పి తెచ్చేది చాలాసార్లు ఇదే, కొనేటప్పుడు జనం పట్టించుకోనిదీ ఇదే.

మీది ఒకే జాక్ కాబట్టి దానికి నాలుగు కట్ల పిన్ కావాలి. పిన్ మీద నల్ల గీతలు లెక్కపెట్టండి, మూడు గీతలుంటే నాలుగు కట్లు. కొస ఎడమ చెవికి, తర్వాతిది కుడి చెవికి, మూడోది గ్రౌండ్, మొదలు మైక్‌కి. దీన్ని సీటీఐఏ వరస అంటారు. ఇప్పటి ల్యాప్‌టాపులు దాదాపు అన్నీ ఇదే. పాత ఓఎంటీపీ వరసలో గ్రౌండూ మైకూ తారుమారుగా ఉంటాయి. అలాంటి పాత హెడ్‌సెట్ గుచ్చితే పాటలో గాయకుడి గొంతు బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది, సంగీతం మాత్రం వినిపిస్తుంది, మైక్ పనిచెయ్యదు. చూసినవాళ్ళు హెడ్‌సెట్ పోయిందనుకుంటారు.

పచ్చది ఒకటి, గులాబీది ఒకటి రెండు పిన్నులున్న హెడ్‌సెట్ తీసుకుంటే మధ్యలో వై ఆకారపు తీగ కావాలి. ఇక్కడ బోలెడంతమంది తప్పు తీగ కొంటారు. చూడ్డానికి ఒకేలా ఉండే రెండు రకాలున్నాయి. మీకు కావాల్సింది రెండు పిన్నులు లోపలికి పోయేలా రెండు రంధ్రాలుండి, అవతలి కొసన నాలుగు కట్ల పిన్ ఒకటి ఉన్నది. రెండో రకం దానికి పూర్తిగా తిరగబడ్డది, ఒక రంధ్రం, రెండు పిన్నులు, అది డెస్క్‌టాప్ వాళ్ళకి. మూడో రకం కూడా ఉంది, ఒక పాటని ఇద్దరు వినడానికి. అది రెండిటికీ చెందదు, మైక్‌కి అసలు దారే ఉండదు.

పిన్ గుచ్చగానే చాలా ల్యాప్‌టాపుల్లో ఒక చిన్న కిటికీ వచ్చి "ఏం గుచ్చారు" అని అడుగుతుంది. విసుగ్గా హెడ్‌ఫోన్ అని నొక్కేస్తే ల్యాప్‌టాప్ తన సొంత మైక్‌నే వాడుకుంటూ ఉంటుంది, మీరు మాత్రం నోటి ముందున్న మైక్‌లో అరుస్తూ ఉంటారు. హెడ్‌సెట్ అని ఎంచుకోవాలి. ఈ తేడా చిన్నది కాదు. నోటికి 5 సెంటీమీటర్ల దూరంలో ఉన్న మైక్‌కీ, అర మీటరు దూరంలో స్క్రీన్ మీదున్న మైక్‌కీ మధ్య మీ గొంతు 20 డీబీ తగ్గుతుంది, ఫ్యాన్ చప్పుడు మాత్రం ఆ స్క్రీన్ మైక్‌కే ఎక్కువ చేరుతుంది.

ఇక అవతలివాళ్ళకి మీ గేమ్ చప్పుడు వినిపించడం. ఇయర్‌కప్పుల్లోంచి బయటికి కారి మైక్‌లో పడుతోందని అనుకుంటారు అందరూ. ఒకసారి మైక్‌ని మందపాటి దుప్పటిలో చుట్టి, గేమ్ మోగిస్తూ రికార్డ్ చెయ్యండి. అయినా గేమ్ శుభ్రంగా వినిపిస్తే అది గాలి దారిన వచ్చింది కాదు, తీగ దారిన వచ్చింది. కారణం చెబుతాను. ఒకే పిన్‌లో చెవులకీ మైక్‌కీ గ్రౌండ్ తీగ ఒక్కటే. ఆ సన్నటి తీగకి అర ఓమ్ నిరోధం ఉందనుకోండి. 32 ఓమ్‌ల హెడ్‌సెట్‌కి 0.2 వోల్ట్ పోతుంటే ఆ తీగ మీద 3 మిల్లీవోల్టులు తయారవుతాయి. మైక్ ఇచ్చే సంకేతం కూడా కొన్ని మిల్లీవోల్టులే! చిప్‌కి ఏది మీ గొంతో, ఏది గేమో తెలియదు, రెంటినీ కలిపి పెంచి పంపేస్తుంది. మీరు మైక్ బూస్ట్ 20, 30 డీబీ పెట్టి ఉంటే ఇంకా హాయిగా పెంచుతుంది.

ఈ విషయంలో మాత్రం ఎక్కువ ఓమ్‌ల హెడ్‌సెట్ మేలు, కరెంటు తక్కువ పారుతుంది కాబట్టి ఆ తీగ మీద లీకు కూడా తక్కువే. అందుకే నేను నేరుగా జాక్‌లో గుచ్చేవాళ్ళకి 32 కంటే 50, 65 ఓమ్‌ల మధ్య ఉన్నవే ఎక్కువ చెబుతాను, సెన్సిటివిటీ పైన చెప్పిన హద్దుల్లో ఉంటే. పొడిగింపు తీగలు, వై తీగలు జోడించే కొద్దీ గ్రౌండ్ దారి పొడవై లీకు పెరుగుతుంది. బూస్ట్ తగ్గించి మైక్‌ని నోటి మూలకి దగ్గరగా లాక్కోవడం అన్నింటికంటే చవక మందు. అది కూడా చాలకపోతే చెవి దారినీ మైక్ దారినీ విడదీయాలి. విడదీసే ముందు, సౌండ్ సెట్టింగుల్లో స్టీరియో మిక్స్ అనేది (ల్యాప్‌టాప్‌లో మోగేదాన్నే మైక్ శబ్దంలా పంపేది) ఆన్‌లో ఉందేమో చూడండి. ఒక కుర్రాడికి రెండు హెడ్‌సెట్లు మార్చాక నేను కనిపెట్టింది అదే.

ఇక యూఎస్‌బీ. మూడో ఆయన ఎందుకంత గట్టిగా చెప్పారో నాకు అర్థమవుతుంది. యూఎస్‌బీ హెడ్‌సెట్ పెట్టగానే మీ ల్యాప్‌టాప్ సౌండ్ చిప్ ఆట నుంచి తప్పుకుంటుంది. అంకెల్ని శబ్దంగా మార్చడం, దాన్ని పెంచడం, మైక్‌ని మళ్ళీ అంకెలుగా మార్చడం అన్నీ హెడ్‌సెట్ తీగలోనో కప్పులోనో ఉన్న బుల్లి చిప్ చేస్తుంది. పైన నేను రాసిన ఓమ్‌లూ వోల్టులూ అన్నీ దాని తయారీవాళ్ళ బాధ్యత అయిపోతాయి. ఏ ల్యాప్‌టాప్‌లో పెట్టినా ఒకేలా మోగుతుంది. కాబట్టి ల్యాప్‌టాప్ సౌండ్ ఎలా ఉన్నా ఫరవాలేదు అనుకునేవాళ్ళకి ఇదే సులువైన దారి.

నాకైతే అందులో ఒక ఇబ్బంది ఉంది. ఆ చిప్ పోయినా, తీగ తెగినా మొత్తం హెడ్‌సెట్ పోయినట్టే. ఫోన్‌కి వాడదామన్నా కుదరకపోవచ్చు. అందుకని నా ఎంపిక, మామూలు 3.5 ఎంఎం పిన్ ఉన్న మంచి హెడ్‌సెట్, దానితో పాటు వేలెడంత యూఎస్‌బీ డాంగిల్, అంటే యూఎస్‌బీలో గుచ్చితే వేరే 3.5 ఎంఎం జాక్ ఇచ్చే బుల్లి సౌండ్ చిప్. జాక్ బాగుంటే నేరుగా గుచ్చుతాం, బాగా లేకపోతే డాంగిల్. ఒకటి పోతే ఒకటే మార్చుకుంటాం. డాంగిల్ కొనేటప్పుడు నాలుగు కట్ల పిన్ మైక్‌ని అది తీసుకుంటుందా లేదా చూడండి, కొన్ని వినడానికి మాత్రమే. 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ అంకెలకి పడిపోకండి. 16 బిట్‌కే 96 డీబీ విస్తృతి ఉంది, గేమింగ్‌కి 48 కిలోహెర్ట్జ్ పుష్కలం. ఛార్జర్ చప్పుడు యూఎస్‌బీ గ్రౌండ్ మీదుగా కూడా అరుదుగా వస్తుంది, కాబట్టి తిరిగి ఇచ్చే వీలున్నది తీసుకోండి.

వైర్‌లెస్ కావాలంటే బ్లూటూత్ గేమింగ్‌కి వద్దు. మామూలు బ్లూటూత్‌లో మైక్ ఆన్ చెయ్యగానే స్టీరియో పోయి ఫోన్ కాల్ నాణ్యతలోకి పడిపోతుంది. తుపాకీ పేలాక చప్పుడు చేరేలోపు కంటికి తెలిసేంత ఆలస్యం ఉంటుంది. ఎల్ఈ ఆడియో అనే కొత్త రకం బ్లూటూత్‌తో ఇది మెరుగుపడుతోంది కానీ ల్యాప్‌టాప్, విండోస్, హెడ్‌సెట్ మూడూ దాన్ని పలకాలి. సొంత డాంగిల్‌తో వచ్చే 2.4 గిగాహెర్ట్జ్ రకం మేలు. దాన్ని పనిచేస్తున్న యూఎస్‌బీ 3 డ్రైవ్ పక్కన గుచ్చకండి. యూఎస్‌బీ 3 ఆ బ్యాండ్‌లోనే రేడియో చప్పుడు చేస్తుందని ఇంటెల్ 2012లోనే ఒక పత్రం వేసింది. మాట తెగిపోతుంటే చిన్న పొడిగింపు తీగతో డాంగిల్‌ని దూరం జరపండి.

7.1 గురించి ఎక్కువ రాయను. దాదాపు అన్ని హెడ్‌సెట్లలో ఉండేవి రెండు స్పీకర్లే, చెవికొకటి. 7.1 అనేది సాఫ్ట్‌వేర్ చేసే పని, దాన్ని మీ ల్యాప్‌టాప్ ఉచితంగానే చేస్తుంది. విండోస్ సోనిక్ 2017 నుంచి విండోస్ 10లోనే ఉంది. వాలరెంట్ లాంటి గేముల్లో హెచ్‌ఆర్‌టీఎఫ్ అని సొంత ఏర్పాటు ఉంటుంది, తల ఆకారానికీ చెవి డొప్పకీ శబ్దం ఎలా మారుతుందో లెక్కకట్టి ఏ దిక్కునుంచి వచ్చిందో తెలిసేలా చేస్తుంది. గేమ్‌లో అది ఉంటే అదొక్కటే పెట్టండి, మిగతావన్నీ ఆపండి. గేమ్‌లో ఒకటి, విండోస్‌లో ఒకటి, హెడ్‌సెట్ సాఫ్ట్‌వేర్‌లో ఒకటి మూడూ కలిపి పెడితే శత్రువు అన్ని వైపుల నుంచీ వస్తాడు.

దానితో పాటే ల్యాప్‌టాప్ తయారీవాళ్ళు పెట్టిన సౌండ్ పెంపు సాఫ్ట్‌వేర్ చూడండి. అది అగ్గిపెట్టెంత స్పీకర్ల కోసం చేసినది, చిన్న చప్పుళ్ళని పెంచి పెద్దవాటిని నొక్కి, బేస్ లేనిచోట ఉన్నట్టు భ్రమ పుట్టిస్తుంది. హెడ్‌సెట్ పెట్టాక కూడా కొన్నింటిలో అలాగే నడుస్తూ ఉంటుంది. దాన్ని ఆపగానే "కొత్త హెడ్‌సెట్ కొన్నట్టుంది" అన్నవాళ్ళున్నారు. కొనే ముందు మీరూ ఒకసారి ఆపి చూడండి, డబ్బు మిగిలినా మిగలొచ్చు.

పెట్టె మీది మిగతా గొప్పలు, 50 ఎంఎం స్పీకర్, 40 కిలోహెర్ట్జ్ దాకా పలకడం, నేను చూడను. మన చెవి 20 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది, వయసుతో అదీ తగ్గుతుంది. స్పీకర్ పెద్దదైతే మంచిదన్న నియమం లేదు. నేను చూసేది బరువు. 350 గ్రాములు దాటితే రెండో గంటలో మెడ చెబుతుంది. కళ్ళద్దాలు పెట్టుకుంటే మెత్తని బట్ట కుషన్, గట్టిగా నొక్కని బ్యాండ్ చూడండి. తోలులాంటి కుషన్‌లో చెమట పట్టినా బయటి చప్పుడు బాగా ఆగుతుంది. వెనక తెరిచి ఉండే రకం హెడ్‌ఫోన్లలో దిక్కులు విశాలంగా తెలుస్తాయి, నాకూ ఇష్టమే, కానీ గేమింగ్ ల్యాప్‌టాప్ ఫ్యాన్ పక్కన కూర్చుని వాటితో ఆడటం దండగ. మూసి ఉన్నదే తీసుకోండి. ఇంకో మాట, జాక్ ఏ పక్కనుందో చూసుకోండి. కుడిపక్కనుంటే తీగ రోజూ మౌస్ చేతికి అడ్డం తగులుతుంది, నిటారు పిన్ అయితే వంగి వంగి జాక్ వదులవుతుంది. ఎల్ ఆకారపు పిన్ మేలు.

మీ సంగతికొస్తే, 250 ఓమ్‌లది వద్దు. 7.1 కోసం ప్రత్యేకంగా డబ్బేమీ పెట్టకండి. మూసి ఉన్న కప్పులు, ఊడదీసే మైక్, 50–65 ఓమ్‌లు, వోల్ట్‌కి 110 అటూఇటూ, మార్చుకోగల తీగ ఉన్న 3.5 ఎంఎం హెడ్‌సెట్ వెతకండి. ఛార్జర్ పీకితే కీచు ఆగి, దుప్పటి పరీక్షలో గేమ్ చప్పుడు వినిపిస్తే మొదటిరోజే డాంగిల్ కూడా తీసుకోండి, ఆ జాక్‌తో కుస్తీ పట్టకండి. రెండూ బాగుంటే డాంగిల్ అవసరం లేదు, నేరుగా గుచ్చేయండి. మీటర్ దొరికితే వచ్చిన రెండు వోల్ట్ అంకెలూ, మీరు చూస్తున్న మోడల్ ఓమ్‌లూ డీబీలూ ఇక్కడ రాయండి, లెక్క కట్టి చెబుతాను. డీబీ పక్కన మిల్లీవాట్ అని ఉందో, వోల్ట్ అని ఉందో తప్పకుండా చూసి రాయండి.